ఏసన్న పెద్ద ఫిడేలు, రెండు పళ్లు

ఏసన్నకు పైవరసలో ముందుపళ్లు రెండూ ఒకే నెలలో ఊడిపోయాయి. ఇంకొకరికైతే ముఖం చెడేది, అంతే. ఏసన్నకు కూడు పోయే పరిస్థితి వచ్చింది. ఆయన కర్నూలులో బొజ్జన్న బ్యాండుసెట్టులో పెద్ద బాకా ఊదేవాడు. పళ్ల ఆసరా లేని పెదవి బాకాను పట్టదు. గాలి పక్కలకు పోయి, లోపల ఎద్దు దగ్గినట్టు వినబడేది.

"వైశాఖం లగ్గాల లోపల ఏదో ఒకటి తేల్చుకో ఏసన్నా," అన్నాడు బొజ్జన్న. "నడస్తా వాయించేటోడు కావల్ల నాకి. కాదంటే బేతంచెర్లకు పోయి బండలు కొట్టుకో."

ఏసన్న బేతంచెర్ల గనుల్లో పదేళ్లు బండలు కొట్టి, అది పడలేకే బాకా పట్టినవాడు. యాభై ఏళ్లప్పుడు మళ్లీ సమ్మెట పట్టడమంటే ఆయనకు వణుకు.

బ్యాండుసెట్టు ఉన్న సందులోనే ఒక అచ్చాఫీసులో నేను కంపోజిటరును. ఊళ్లో సగం పెళ్లిళ్లకు శుభలేఖలు నా చేతిమీదుగానే పోయేవి. ఒక్కదానికీ నన్ను పిలిచినవాడు లేడు. ఏసన్నను ప్రతి పెళ్లికీ పిలిచేవాళ్లు, పంక్తిలో మాత్రం కూర్చోబెట్టేవాళ్లు కాదు. మా స్నేహానికి అదే కారణమనుకుంటాను.

ఇక ఫిడేలు సంగతి. కర్నూలు రాజధానిగా ఉన్న మూడేళ్లూ పెద్ద ఉద్యోగస్థుల కోసం ఒక క్లబ్బు నడిచింది. దానికి మద్రాసు నుంచి వాద్యగాళ్లు వచ్చారు. వాళ్లలో ఒకాయనది మనిషికంటే పొడుగైన ఫిడేలు. నిలబెట్టి, భుజానికి ఆనించుకుని, వేళ్లతో మీటేవాడు. దాన్ని బసకూ క్లబ్బుకూ మధ్య మోసే పని ఏసన్నది. మోసేవాడు మీటకుండా ఎన్నాళ్లుంటాడు? మూడేళ్లలో ఆయన వేళ్లకు అది పట్టుబడింది. యాభై ఆరులో రాజధాని హైదరాబాదుకు పోయింది. ఫైళ్లు, కుర్చీలు, గుమాస్తాలు లారీలెక్కారు. ఫిడేలుకు మాత్రం చోటు చాలలేదు. మద్రాసాయన దాన్ని ఏసన్న చేతిలో పెట్టి పోయాడు. రాజధాని వల్ల కర్నూలుకు మిగిలిందేమిటని ఎవరైనా అడిగితే నేను ఏసన్న గుడిసె చూపించేవాణ్ని.

ఆ గుడిసెలో అది మూలకు నిలబడి దూలానికి తగిలేది. "కూడొక్కటి పెట్టేది తక్కువ. ఇద్దరు మొగోళ్లతో కాపురం చేస్తాండా," అనేది ఏసన్న భార్య కృపమణి.

ఆ ఫిడేలుకు ఒక బేరం వచ్చింది. నందికొట్కూరులో నూనె గానుగల సుబ్బయ్య అక్కడి భజన సమాజానికి పెద్ద. ఏదో పనిమీద కర్నూలు వచ్చి దాన్ని చూశాడు.

"నాలుగు తీగెలుండాయి. తంబుర గాకపోతే ఏందప్పా ఇది?" అన్నాడు. "పక్కూరి భజనోళ్ల తంబుర దీని ముందర పిల్లకాయ. నాకియ్యి."

ఆయన ఇస్తానన్నది సరిగ్గా పళ్ల డాక్టరు అడిగినంత ఉంది. కృపమణికి వేరే ఆలోచనే లేదు.

"అమ్మి పండ్లు కట్టించుకో. బాకా ఊదుకోవచ్చు, బొమికలూ కొరుక్కోవచ్చు."

"ఇరవై ఏండ్లు బాకా ఊదినా గదమే. ఒక్కనాడన్నా నాకి బాగనిపించలేదు. ఇది మీటితే బాగుంటాది," అన్నాడు ఏసన్న. ఆ మాట సిగ్గుపడుతూ చెప్పాడు.

కానీ బ్యాండు బతుకంతా మెరవణిలో, నడిచే ఊరేగింపులోనే ఉంది. ఆ ఫిడేలేమో నిలబడ్డచోటు కదలనిది. వడ్రంగి ఆంజనేయ వచ్చి, చుట్టూ తిరిగి, వేలితో తట్టి చూశాడు.

"నడుం కాడికి కోసేస్తే సరి. పైముక్కకి పట్టీ కట్టి డోలు మాదిర తగిలించుకో."

"కింద ముక్కలోనే గదప్పా శబ్దముండేది?"

"శబ్దం తగ్గితే మంచిదే గదా. పెండ్లిలో జనాలు మాట్లాడుకుంటారు."

ఏసన్న వెంటనే ఫిడేలుకూ రంపానికీ మధ్య వచ్చి నిలబడ్డాడు.

చక్రం ఆలోచన నాది. ఇప్పటికీ పశ్చాత్తాపపడుతున్నాను. మా ఆఫీసులో కాగితం బేళ్లు తోసే చిన్న బండికి నాలుగు చక్రాలున్నాయి. మూడింటిమీదైనా నడుస్తుందనిపించింది. యజమానిని అడగలేదు. ఆయన నన్ను అడిగి చేసిన పని ఒక్కటీ లేదు గనక. ఆంజనేయ ఫిడేలు అడుగున ఉన్న ఇనప మేకు పీకి అక్కడ చక్రం బిగించాడు. దుమ్ము పడకుండా కృపమణి క్లబ్బువాళ్లు పారేసిన ఆకుపచ్చ పరదాతో గలీబు కుట్టింది.

"నందికొట్కూరు పెండ్లిలో చూస్తా. ఈ ఒక్కపారికే," అన్నాడు బొజ్జన్న.

బస్సు మీద ఫిడేలును, బస్సులో మమ్మల్ని వేసుకుని పోయాం. చక్రానికి బాధ్యుడిగా నేనూ వెళ్లాను. సాయంత్రం మెరవణి కదిలింది. నాలుగడుగులకే ఒక సంగతి తెలిసింది. తోయడానికి రెండు చేతులు కావాలి. మీటడానికీ అవే రెండు చేతులు. ఏసన్న తోసినప్పుడు వాయించలేదు, వాయించినప్పుడు కదల్లేదు. రెండో సందులో చక్రం ఇసుకలో కూరుకుపోయింది. బ్యాండు, పెళ్లికొడుకు, జనం ముందుకు పోయారు. ఏసన్న గలీబు తొడిగి, ఫిడేలును కడుపుకు ఆనించి నిలువుగా ఎత్తుకుని, ఊగుతూ పరుగు మొదలుపెట్టాడు.

ఆ సందులో గిడ్డమ్మ అనే ముసలామె అరుగు మీద ఉంది. ఆమెకు కనబడింది ఇంతే. ఆకుపచ్చ గుడ్డ కప్పుకుని పొడుగ్గా ఊగుతూ వస్తున్న ఒక ఆకారం, కింద చెమటలు కారుస్తున్న ఒక మనిషి. ఆ ఊళ్లో ఏటా అలా, ఇంటింటా నీళ్లు పోయించుకుంటూ వచ్చేది ఒక్కటే.

"పీరు వస్తాండాది! నీళ్లు తేండమ్మే!"

ఏసన్న నోరు తెరిచేలోపల మొదటి బిందె ఆయన కాళ్ల మీద పడింది. రెండోది ఫిడేలు మీద. సందంతా బిందెలే.

"ఇప్పుడు పీర్ల నెల గాదు గదక్కా?" అంది ఒకామె.

"ఎవురిదో మొక్కుంటాదిలే. పొయ్యి ముందు."

"పీరుకి చక్రమేందక్కా?"

"ఎంత దూరం నుంచి వస్తాండాడో ఏమో!"

ఇంకొకామె చక్రానికి కుంకుమ పెట్టింది. చక్కెర పొట్లాలు వచ్చాయి. ఒక ముసలాయన నడుం నొప్పి పోవాలని దారికి అడ్డంగా పడుకున్నాడు. అంతలో పీర్ల చావిడి చూసుకునే ముజావరు పరుగెత్తుకొచ్చి, గుడ్డ ఎత్తి చూసి, "అమ్మా, ఇది మాది గాదు," అన్నాడు.

"మల్ల ఎవురి దేవుడు?" అంది గిడ్డమ్మ.

"దేవుడు గాదు తల్లీ, ఫిడేలు!" అని ఏసన్న గలీబు లాగేశాడు. ఎవరూ నమ్మలేదు. రుజువు చేయడానికి తడి తీగె మీటాడు.

నేను ఆ వాద్యం చాలాసార్లు విన్నాను. అంత బాగా ఎప్పుడూ వినలేదు. తడిసిన చెక్క లోపల నుంచి ఆ శబ్దం భూమ్మీదుగా వచ్చి అరికాళ్లకు తగిలింది. బిందెలు ఆగిపోయాయి. ఏసన్న తల వంచుకుని వాయిస్తూనే ఉన్నాడు. పడుకున్న ముసలాయన లేవలేదు, పడుకునే విన్నాడు.

"కడుపులో మాట్లాడతాండాది," అంది గిడ్డమ్మ మెల్లగా.

మెరవణి వెనక్కి చూసుకునేసరికి జనం సగం లేరు. బొజ్జన్న వెతుక్కుంటూ వచ్చాడు.

"పెండ్లికొడుకు ఆడ ఒంటిగా కూసున్నాడు. నువ్వు ఈడ నీళ్లాడతాండావా? పండ్లన్నా తెచ్చుకో, కనపడకన్నా పో!"

మర్నాడు మేమింకా నందికొట్కూరులో ఉండగానే సుబ్బయ్య వచ్చాడు. చెక్క అతుకులు నీటికి విడిపోయి, ఫిడేలుకు తాళ్లు చుట్టి ఉంది. ఆయనకది పట్టలేదు. ఊరు మొక్కిన తంబుర మరింత మంచిదన్నాడు.

"అమ్మొద్దు ఏసన్నా. నేను చదివిన పుస్తకాల్లో ఏ కళాకారుడూ అమ్మలేదు," అన్నాను.

"వాండ్లకి పండ్లుండెనా?"

ఆ సంగతి ఏ పుస్తకమూ రాయలేదు. ఏసన్న తీగెలు ఒకసారి తుడిచి, ఫిడేలు అప్పజెప్పి, వెనక్కి తిరక్కుండా బస్సెక్కాడు.

పళ్లు బాగానే కుదిరాయి. బొజ్జన్న పరీక్ష పెట్టాడు. ఏసన్న గుండెనిండా గాలి పీల్చి ఊదాడు. పళ్లు రెండూ బాకాలోకి పోయాయి. దాన్ని తలకిందులు చేసి ఆడిస్తే ఎప్పటికో బయటపడ్డాయి. అంతటితో బాకా తీరిపోయింది. కృపమణి బేతంచెర్లకు మూట కట్టింది.

ఆ మూట విప్పించినవాడు సుబ్బయ్యే. శుక్రవారం పొద్దున మనిషిని పంపాడు. భజనలో ఒకాయన, గానుగలో దించిన ఫిడేలు తీగె లాగిన రాత్రే చలిజ్వరంతో పడ్డాడట. గిడ్డమ్మ తీర్పు చెప్పిందట. పీరును ఎత్తేవాడు ఎత్తాల్సిందే గానీ ఇంకొకడు ముట్టకూడదు, ఇదీ అంతేనని. ఇక ఎవరూ దాని దగ్గరికి పోలేదు. వారం వారం ఏసన్నే రావాలి. చార్జీలు, కూడు, జీతం సమాజానివి.

ఇంకొక చిక్కు వచ్చింది. ఏసన్నను భజన మందిరం గడప దాటనివ్వరు. ఫిడేలును ఏసన్న తప్ప ఇంకొకరు దాటించకూడదు. సుబ్బయ్య రెండు వారాలు ఆలోచించి భజననే అరుగు మీదికి తెచ్చాడు. ఇప్పుడు లోపల దేవుడు, దీపం. బయట ఏసన్న, ఫిడేలు, ఊరు. ఆయన కుర్చీలో కూర్చుని మీటుతాడు. నడవాల్సిన పని లేదు. భజనయ్యాక కట్టుడు పళ్లతో బొరుగులు, వేయించిన శనక్కాయలు నములుతాడు.

"నీ చక్రం అడిగినాప్పా," అని పోయిన వారం చెప్పాడు నాతో. "కుంకుమ పడిన చక్రం ఈయకూడదంట."

మూడు చక్రాల బండి నేననుకున్నట్టు నడవలేదు. కాగితం బేళ్లు నేను నెత్తిన మోస్తున్నాను. నందికొట్కూరులో శనివారం శనివారం నా చక్రానికి హారతి ఇస్తున్నారు.