బ్లీచింగ్ వాసన లేని నీళ్లు

ఆ ఎండాకాలం మా ఆయన పచ్చకామెర్ల నుంచి అప్పుడప్పుడే తేరుకుంటున్నాడు. కాలేయం ఇంకా కోలుకోలేదు, తాగే నీళ్ల దగ్గర జాగ్రత్త అని హాలియా డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు. దేవుడు మనిషిని తిరిగి ఇచ్చాడు, కాపాడుకోవడం నా వంతు అనుకున్నాను. సరిగ్గా అప్పుడే మా నల్లా నీళ్లలో బ్లీచింగ్ వాసన పోయింది.

మాకు ఆ వాసనే ధైర్యం. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి మా అత్తమ్మ కాళ్లు వంకర్లు పోయిన ఇల్లు మాది. ఇంటికి కృష్ణ నీళ్లు వచ్చిన రోజు బిందెకు పసుపు రాసి దండం పెట్టుకున్నాను. ముక్కు మండేలా వాసన వస్తే మందు పడిందని నిమ్మళంగా ఉండేవాళ్లం. ఇప్పుడు అది లేదు. పైగా బిందె అడుగున నల్లగా మసి.

మా తోడికోడలు బిందెలో వేలు పెట్టి, ఎండకు పట్టి చూసింది.

"అక్కా, గిది బొగ్గు. ప్లాంటోళ్లు బ్లీచింగ్ సంచులు అమ్ముకొని బొగ్గు కలుపుతున్నరు."

"నీళ్లల్ల బొగ్గెందుకు కలుపుతరే?"

"గదే అడుగుదాం పా. బావకు తాపేది నువ్వే గద."

నీళ్లు మరగకాచి ఇస్తున్నాను కదా అని లోపల కొంత భరోసా ఉండేది. అయినా అనుమానం ఊరుకోనివ్వలేదు. ఇద్దరం ఆటో ఎక్కి చెరువు పక్కనున్న ఫిల్టర్ ప్లాంటుకు వెళ్లాం. కృష్ణ నీళ్లు తెచ్చే కాలువ బంద్ కావడంతో చెరువు నీళ్లు అడుగంటాయి, పైన పచ్చటి రంగు పోసినట్టు నాచు కట్టింది. షెడ్డులో నల్లపొడి సంచులు.

"సూసినవా, దొంగ మాల్ నడిమిట్లనే పెట్టిండ్రు," అంది తోడికోడలు.

నీళ్లు పరీక్షించే అమ్మాయి వచ్చింది. హుజూర్‌నగర్ వైపు పిల్ల. బొగ్గెందుకని అడిగితే కోపం తెచ్చుకోలేదు. అంత మెత్తగా మాట్లాడితే నాకు ఇంకా అనుమానం.

"అమ్మా, గా నాచుల విషముంటది. ముందుగాలనే బ్లీచింగ్ ఏస్తే నాచు పగిలి, విషం నీళ్లల్ల కలుస్తది. అందుకే పగలకుండ పటికేసి కిందికి దించుతున్నం. అప్పటికే నీళ్లల్ల కరిగిన విషాన్ని గీ బొగ్గుపొడి పట్టుకుంటది. గదంత అడుక్కు దిగినంక ఇసుకల వడగడ్తం. బ్లీచింగ్ ఆఖరుకు, కొద్దిగ. గందుకే వాసన వస్తలేదు."

"మరి మా బిందెలకెట్లొచ్చింది బొగ్గు?"

ఆ అమ్మాయి ముఖం మారింది. "మీ బిందెలకు వచ్చిందా?"

నేను సీసాలో పట్టుకెళ్లిన నీళ్లు ఇచ్చాను. ఆడించి, వెలుతురుకు పట్టి చూసింది.

"రావద్దమ్మా. ఇసుక ఫిల్టర్ల ఏదో పోయింది. బొగ్గు దాటొస్తే, అది పట్టుకున్నది గూడ దాటొస్తది."

"మా ఆయనకు కామెర్లు తగ్గినయి. కాగబెట్టే ఇస్తున్న."

"కాగబెడితే పురుగు చస్తది గని గీ విషం పోదు. నీళ్లు ఇంకుతయి, విషం గట్లనే ఉంటది. గది దెబ్బకొట్టేదే కాలేయాన్ని. ఫిల్టర్ బాగు జేసి, పరీక్ష ఫలితం వచ్చేదాంక ఆయనకు ఇయ్యకుండ్రి. ఊళ్ల కూడ చాటింపు ఏపిస్త."

తన తప్పు కాదని తప్పించుకోవచ్చు. తప్పించుకోలేదు. ఆ తల్లి కడుపు చల్లగుండాలని ఈరోజుకీ దీపం ముందు అనుకుంటాను.

ఫలితం వచ్చేదాకా నకిరేకల్ నుంచి క్యాన్ నీళ్లు తెప్పించాను. మా ఆయన విసుక్కున్నాడు.

"ఇంట్ల నల్లా పెట్టుకొని నన్ను చుట్టాన్ని చేసినవ్. నీకు దేవుని మీద నమ్మకం లేదానే?"

"దేవుని మీద ఉన్నది. నల్లా మీదనే జర ఆగమంటున్న."

ఫలితం బాగా వచ్చిందని ఆ అమ్మాయే ఫోన్ చేసింది. నల్లా నీళ్లను తెల్లబట్టలో వడగట్టి చూశాను. మసి లేదు. చెంబు ఆయన చేతికి ఇచ్చి, తాగడం అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ తర్వాత చాలా రోజులు, పొద్దున్నే ఆయన్ని వాకిట్లోకి పిలిచి, కళ్లలో తెలుపు చూశాకే పొయ్యి ముట్టించేదాన్ని.