వెలిగే స్టవ్‌కు రిపేరు

షేక్‌పేటలో జంగయ్య ఇంటి ముందు ఎప్పుడు చూసినా బర్నర్లు ఆరుతూ ఉండేవి. సబ్బునీళ్లతో కడిగి గోడ వెంట వరసగా బోర్లించేవాడు. దూరం నుంచి చూస్తే గోడ కింద ఇత్తడి పుట్టగొడుగులు మొలిచినట్టుండేది. పొద్దున్నే సైకిల్‌కు సంచీ తగిలించుకుని జూబ్లీహిల్స్ గుట్టలెక్కేవాడు. తొక్కలేని చోట దిగి నెట్టేవాడు. ఆ రోజుల్లో అక్కడి మేడలింకా కుదురుకోలేదు. బండరాళ్లు దయతలిచి కాస్త పక్కకు జరిగితే, ఆ సందులో వచ్చి కూర్చున్నట్టు కనిపించేవి.

ఏ వంటింట్లోకి వెళ్లినా అతని పద్ధతి ఒక్కటే. ముందు కిటికీలు తెరిచేవాడు. తర్వాత ఇంట్లోవాళ్లను మాట్లాడొద్దని చెప్పి, స్టవ్ మీదికి తలవంచి వినేవాడు. నాబ్ తిప్పితే నిప్పురవ్వ పడే టక్కు వినిపించాలి, గ్యాస్ వచ్చే బుస వినిపించాలి. టక్కు లేకపోతే రవ్వ పుట్టే పిన్ను తుడిచేవాడు. బుస లేకపోతే సన్నతీగతో గ్యాస్ వచ్చే జెట్ కన్నంలో పొడిచేవాడు. రెండూ ఉండి మంట రాకపోతే బర్నర్ కన్నాల్లో ఎప్పుడో పొంగిన పాలు గడ్డకట్టి ఉన్నట్టు. "మీ స్టవ్‌కేం రోగం లేదమ్మా. పోయిన నెల తాగాల్సిన పాలు గిది తాగింది" అనేవాడు. నీలం మంట లేచాక సంచీ సర్దుకోకుండా కాసేపు దాని ముందు నిలబడేవాడు. ఊళ్లో ఒక చిన్న ఆకాశం బాగుపడినట్టుండేది అతనికి.

ఎవరైనా "స్టవ్ వెలగట్లేదు" అంటే ముందు అతని కుడిచెయ్యి లేచేది, మనిషి తర్వాత లేచేవాడు. అన్నం ముందు కూర్చున్నా అంతే.

జంగయ్య భార్య బాలమణి సినిమాల్లో వేషాలు వేసేది. పెళ్లిలో అక్షింతలు చల్లే గుంపులో ఒకతె, ఆసుపత్రి వరండాలో ఏడ్చేవాళ్లలో ఒకతె, బిందె పట్టుకుని హీరోయిన్ వెనక నడిచేవాళ్లలో ఒకతె. తెలుగు ప్రేక్షకులంతా ఏదో ఒక సినిమాలో ఆమె వీపును చూసే ఉంటారు. ఇన్నేళ్లలో ఆమె నోటికి మాత్రం తెర మీద పని దొరకలేదు.

తొంభై రెండు వేసవిలో దొరికింది. వంటమనిషి వేషం, ఒక డైలాగు.

"స్టవ్ వెలగట్లేదండీ, అమ్మగారూ!"

అది విని హీరో వంటింట్లోకొస్తాడు. ఇలా నాబ్ తిప్పుతాడు, అలా మంట లేస్తుంది. ఎక్కడా కట్ లేకుండా ఒకే షాట్.

బాలమణికి ఆ మాట నోరు తిరిగేది కాదు. "అంటుకుంటలేదమ్మా" అని వచ్చేది. కళ్లు మూసుకుని నెమ్మదిగా "వె...ల...గట్లే...దండీ" అని కూడబలుక్కునేది. నల్లా దగ్గర అనేది, బియ్యం ఏరుతూ అనేది, నిద్రలేస్తూ అనేది. పక్కింటి భూలక్ష్మి ఒకటికి రెండుసార్లు అగ్గిపెట్టె పట్టుకొని పరిగెత్తుకొచ్చింది. మూడోసారి గుమ్మంలోనే ఆగి జంగయ్యను దులిపేసింది.

"ఊరందరి పొయ్యిలు ముట్టిస్తవ్, నీ ఇంట్ల పొయ్యి ముట్టదా? సిగ్గులేదానయ్యా?"

"గది డైలాగ్ అక్కా" అన్నాడు జంగయ్య.

"డైలాగ్ గాదు, ముందుగాల పిన్ను తుడువు!"

షూటింగ్ జూబ్లీహిల్స్‌లో శారదాదేవి గారి బంగళాలో. తెనాలి వైపు నుంచి వచ్చి కొండమీద ఇల్లు కట్టుకున్న ఇల్లాలు ఆవిడ. కెమెరా ట్రాలీ పట్టాలు హాల్లోంచి వంటింటి దాకా పరిచారు. నీలం మంట కెమెరాకు ఆనదని బర్నర్ మీద ఉప్పు చల్లారు, పసుపుపచ్చగా లేస్తుందని. బాలమణి జరీ లేని చీర కట్టుకుని, గుండె చిక్కబట్టుకుని నాబ్ తిప్పింది.

టక్. భగ్గున వెలిగింది.

"కట్! వెలగకూడదమ్మా!" అన్నాడు డైరెక్టర్ త్రినాథరావు.

మళ్లీ తిప్పింది. మళ్లీ వెలిగింది. మెల్లగా తిప్పినా వెలిగింది. బతిమాలుతున్నట్టు తిప్పినా వెలిగింది.

"ఏంటండీ మీ స్టవ్వు?" అన్నాడు త్రినాథరావు విసుగ్గా.

శారదాదేవి గారికి కోపమొచ్చింది. "సింగపూర్ నుంచి తెప్పించామండీ. వెలగకపోవడం దానికి చేతకాదు."

"అయితే ఆ డైలాగ్ ఎత్తేయండయ్యా. హీరో ఫ్రిజ్ తెరిచి మజ్జిగ తాగుతాడు."

బాలమణి కళ్ల ముందు లైట్లన్నీ ఒక్కసారి దూరం జరిగాయి. "సార్, సార్! జర ఆగుర్రి. మా ఆయన స్టవ్ రిపేర్ జేస్తడు" అంది.

జీపు పంపి జంగయ్యను తీసుకొచ్చారు. వస్తూనే అలవాటుగా కిటికీ తెరవబోతే లైట్‌బాయ్ కసిరాడు.

"ఏమైంది సార్, అంటుకుంటలేదా?"

"అంటుకుంటోందయ్యా! అదే గొడవ. అంటుకోకుండా చెయ్యి."

జంగయ్య డైరెక్టర్ వంక చూశాడు, స్టవ్ వంక చూశాడు. బర్నర్ మీది ఉప్పు చూసి కళ్లు మూసుకున్నాడు. కళ్లు తెరిచేసరికి పొయ్యి పక్కన బాలమణి నిలబడి ఉంది. ఆమె పెదవులు చప్పుడు లేకుండా ఆ మాటనే కదుపుతున్నాయి. అతను సంచీ విప్పాడు.

తడిబట్టతో పిన్ను తడిపాడు. రవ్వ చచ్చిపోయింది. బాలమణి తిప్పితే మంట రాలేదు. సెట్టంతా హమ్మయ్య అనుకుంది. అంతలో హీరో స్టైలుగా అడుగులేస్తూ వచ్చి తిప్పాడు. అతనికీ రాలేదు. నల్లకళ్లద్దాలు తీసి మళ్లీ తిప్పాడు. రాలేదు. ఒక హీరోను పొయ్యి పట్టించుకోకపోవడం అక్కడెవరూ అంతకుముందు చూడలేదు. అందరూ అతని వంక చూడలేక కొళాయి వంక చూశారు.

హీరో ఆలోచించాడు. "త్రినాథరావు గారూ, వెలగట్లేదన్న డైలాగ్‌లో ఫీల్ ఉందండీ. అది నేను చెప్తాను. 'వెలగట్లేదు... ఈ దేశంలో ఏదీ వెలగట్లేదు!' ఎలా ఉంది?"

"అద్భుతం బాబుగారూ" అన్నాడు త్రినాథరావు నీరసంగా.

బాలమణి జంగయ్య వైపు చూసింది.

"సార్" అన్నాడు జంగయ్య, "ఒక్క మాట. సిలిండర్ గట్టు కింది అలమారల ఉన్నది. నేను లోపల కూసుంట. రెగ్యులేటర్ బంద్ పెడ్త. ఆమె తిప్పుతనే ఉంటే టక్కు వస్తది, మంట రాదు. బాబుగారు లోపటికొచ్చి నాబ్ మీద చెయ్యేస్తరు గదా, అప్పుడు తెరుస్త."

"తలుపు మూసుంటుంది. నీకెలా తెలుస్తుంది?"

"బూట్ల సప్పుడుతోటి."

అలా జంగయ్య సినిమా రంగంలో ప్రవేశించాడు, ఉల్లిపాయల బుట్టకు సిలిండర్‌కు మధ్య, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని. అంతకుముందే పిన్ను పొడిబట్టతో తుడిచి, పైపులో మిగిలిన గ్యాస్ మండి అయిపోయేదాకా ఆగమన్నాడు. తలుపు మూశారు. చీకటి. చీకట్లో కుడిచెయ్యి రెగ్యులేటర్ మీద. బయటి లోకమంతా చప్పుళ్లుగా మారి అలమార తలుపుకు ఆనింది.

"యాక్షన్!"

టక్. టక్. మంట లేదు. టక్కులు ఆగకుండానే బాలమణి గొంతు.

"స్టవ్ వెలగట్లేదండీ, అమ్మగారూ!"

ఎక్కడా తడబడలేదు. పొద్దున్నించీ ఏమీ తినని మనిషి గొంతు అది. పొయ్యి మీద నమ్మకం పోయిన ఇల్లు మాట్లాడినట్టుంది. బూట్లు ఇంకా హాల్లోనే ఉన్నాయి. జంగయ్య చెయ్యి రెగ్యులేటర్ తిప్పేసింది.

భగ్గుమంది.

"కట్!" అలమార తలుపు తెరుచుకుని త్రినాథరావు ముఖం కనిపించింది. "ఏమయ్యా, నీకు బూట్లు వినపడ్డాయా?"

"లేదు సార్. ఆమె అంటుకుంటలేదన్నది."

"అది డైలాగయ్యా!"

"ఎరుకే సార్. చేతికి ఎరుక లేదు."

రెండోసారీ అంతే. మూడోసారికి ముందు త్రినాథరావు అందరికీ వినపడేలా చెప్పాడు, ఇదే ఆఖరు, ఈసారి పాడైతే డైలాగు బాబుగారిదేనని. బాలమణి వంగి అలమారలోకి చూసింది.

"చెయ్యి గట్టిగ వట్టుకో. నీ కాళ్లు మొక్కుత" అంది.

జంగయ్య ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకున్నాడు. తలుపు మూశారు.

టక్. టక్. ఈసారి ఆమె గొంతులో నటన లేదు. ఇక ఎప్పటికీ వెలగదేమోనన్న భయం ఉంది.

"స్టవ్ వెలగట్లేదండీ, అమ్మగారూ!"

ఎడమచెయ్యి ఆపబోయింది. కుడిచెయ్యి దాన్ని కూడా వెంటేసుకుని తిరిగింది. అదే క్షణంలో, ఎదురుచూసి విసిగిన హీరో రెండడుగులు ముందే వేసి గడప మీద బూటు మోపాడు. బూటు టక్కుమనడం, పొయ్యి మీద పచ్చటి మంట పువ్వులా లేవడం ఒక్కసారే జరిగాయి. బాలమణి ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. ఆ ముఖం నిండా భయమూ వెలుగూ ఉన్నాయి. పొయ్యి వైపు చెయ్యి చాచే పని లేక హీరో గుమ్మంలోనే ఆగిపోయాడు.

త్రినాథరావు కట్ అనడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, చివరికి అన్నాడు. తిట్లు మొదలయ్యే లోపల హీరో వేలు పైకెత్తాడు.

"చూశారా? నేను ముట్టుకోలేదు. అడుగు పెట్టాను, అంతే. వెలిగింది!"

"అవును బాబుగారూ. అడుగుకే వెలిగింది" అన్నాడు త్రినాథరావు. చెబుతూ చెబుతూ తనూ నమ్మేశాడు.

"ఈ షాటే ఉంచండి. ఆ వంటావిడ అలా భయపడి చెప్పకపోతే నా అడుగుకు విలువ లేదు. ఒక్క ముక్క తీసినా ఊరుకోను."

అందరూ చప్పట్లు కొట్టారు. శారదాదేవి గారు సింగపూర్ స్టవ్‌ను మెచ్చుకున్నారనుకుని నవ్వారు. లైట్లు ఆరాయి. అలమారలో ఒక మనిషున్నాడన్న సంగతి బాలమణికి తప్ప ఎవరికీ గుర్తు లేదు. ఆమె వెళ్లి తలుపు తీసింది. జంగయ్య ఒంటినిండా ఉల్లిపొట్టుతో, తల వంచుకుని కూర్చున్నాడు.

"పాయెనా, నీ డైలాగు?" అన్నాడు నేల చూస్తూ.

"పోలే. ఉన్నది. నా ముఖం గూడ ఉన్నదట."

అతనికి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక లేవబోతే తల గట్టుకు కొట్టుకుంది.

"పట్టుకోమంటే పట్టుకోవెందుకయ్యా నువ్వు?" అంది బాలమణి, తల నిమురుతూ.

"నువ్వట్ల అన్నంక ఎట్ల ఊకుంటనే?"

పక్కనున్న పనివాళ్లు నవ్వారు. బాలమణి కొంగుతో అతని భుజాల మీది పొట్టు దులిపింది. ఇద్దరూ గేటు దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి త్రినాథరావు కేకేశాడు.

"అమ్మా బాలమణీ! డబ్బింగ్‌కి కబురు చేస్తాం. నీ గొంతే ఉంచుతున్నాం, సరేనా? మీ ఆయన్ని మాత్రం తీసుకురాకు."

"అక్కడ స్టవ్ ఉండదు గద సార్?" అంది బాలమణి.

"అయినా వద్దు" అన్నాడు త్రినాథరావు.