బావ బాణం కోసినాను

డిగ్రీ చదివేటప్పుడు, అర్ధవీడు దగ్గర బాణంతో టెంకాయ కొట్టే పోటీకి నాయన వేటవిల్లు తీసుకుని పోయినాను. నా బాణాలు బస్సులోనే మర్చిపోయి, మేనత్త కొడుకు దగ్గర ఒకటి అడుక్కున్నాను. నాయన విల్లు మహా గట్టిది. బావ బాణమేమో పొడుగు, ఊరికే వంగే రకం. వదలగానే పాములా మెలికలు తిరిగి పక్కన భోజనాలకు కాస్తున్న సాంబారు గుండిగలో పడింది! జనం ఒకటే నవ్వు.

నేను తగ్గలేదు. బాణం కడిగి, కొసనున్న ఇనుప ములికి ఊడదీసి, నాలుగు వేళ్ళంత కర్ర కోసేసినాను.

"ఏందే, నా బాణం నాశనం చేస్తున్నావు!" అని బావ అరిచినాడు.

"పొట్టిదైతే గట్టిపడుతుంది బావా, చూడు."

ములికి మళ్ళీ బిగించి, వేలిమీద తూకం చూసుకుని వదిలినాను. సూటిగా పోయి టెంకాయలో దిగింది.

"ఇంక ఇది నా విల్లుకు పనికిరాదు, నువ్వే పెట్టుకో" అన్నాడు బావ.

ఆ బాణం ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. బావ కూడా.