ఎడమ పెడల్

అక్క స్కూటర్ బాలానగర్‌లో వానకు జారి పడిన ఏడాది, కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌లో నేను హెలికాప్టర్ నడపడం నేర్చుకుంటున్నాను. కంప్యూటర్‌లోనే. కానీ బటన్ నొక్కితే ఎగిరే ఆట కాదది. కుడిచేతికి జాయ్‌స్టిక్, ఎడమచేతికి పైకీ కిందికీ కదిలే లివర్, కాళ్లకింద రెండు పెడల్స్ కొనుక్కుని బల్లకు అమర్చుకున్నాను. వాటిలో ఒకటి కదిపితే మిగతావీ సర్దాలి. నానక్‌రామ్‌గూడ ఆఫీసులో రోజంతా ఇతరుల కోడ్‌లో తప్పులు వెతికి, ఇంటికొచ్చి నా తప్పులు నేను చేసేవాణ్ని. ఎంత దూరమైనా ఎగరొచ్చు గానీ, నేలకు మనిషెత్తున కదలకుండా నిలపడమే కష్టం.

అక్కా నేనూ కలిసే ఉంటాం. ఆమెది ప్రభుత్వోద్యోగం. ఎడమ చీలమండ విరిగి, ఆపరేషనయి, కట్టు విప్పాక కూడా ఆ కాలు నేలకు ఆనించేది కాదు. ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్ట్ ఎముక బాగానే అతికిందని, ఇక భయమే పోవాలని చెప్పింది. ఆవిడ ఉన్నంతసేపూ అక్క చెప్పినవన్నీ చేసేది. ఆవిడ వెళ్లగానే కాలు దిండు మీద పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చునేది. నేను బతిమాలితే విసుక్కునేది. కొన్నాళ్లకు బతిమాలడం మానేశాను.

ఒక ఆదివారం నేను ఎగురుతుంటే చేతికర్ర పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు చూసి, తనూ ప్రయత్నిస్తానంది. కుర్చీ ఇచ్చాను. లివర్ ఎత్తగానే హెలికాప్టర్ గిర్రున కుడివైపు తిరిగి బోర్లా పడింది. మళ్లీ ఎత్తింది. మళ్లీ అంతే. ప్రమాదం తర్వాత ఆమె నవ్వడం అదే మొదటిసారి.

"ఎప్పుడూ కుడికే ఎందుకు తిరుగుతోందిరా?"

పైన రెక్కలు ఒకవైపు తిరిగితే కింద ఒళ్లు రెండోవైపు తిరగాలని చూస్తుందని, లేచేటప్పుడు ఎడమ పెడల్ తొక్కి ఆపాలని చెప్పాను. చెప్పాక గానీ ఏమన్నానో నాకు అర్థం కాలేదు. అక్క నవ్వు ఆగిపోయింది. తన కాలి వంక చూసుకుని, లేచి తన గదిలోకి వెళ్లిపోయింది. అనవసరంగా నొప్పించానని ఆ పూటంతా బాధపడ్డాను.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆ కుర్చీలోనే ఉంది.

ఫిజియోథెరపిస్ట్‌కు పెడల్స్ చూపించి, అక్క తొక్కొచ్చా అని అడిగాను. ఆవిడ వంగి పెడల్‌ను చేత్తో నొక్కి చూసింది.

"మెత్తగనే ఉంది. మడమ ఆనిచ్చి తొక్కుండ్రి మేడం. నొప్పి లేస్తే జర ఆపుండ్రి. గంతే, ఫికర్ లేదు."

అప్పట్నుంచి సాయంత్రాలు యంత్రం ఆమెది, పక్క కుర్చీ నాది. మొదట్లో భయంతో కాలు బిగించి ఒక్కసారే తొక్కేసేది. హెలికాప్టర్ ముక్కు ఎడమకు దూసుకుపోయేది. అంత బలం అక్కర్లేదని, ముక్కు కదలబోతోందనిపించగానే కొంచెం ఆనిస్తే చాలని చెప్పేవాణ్ని. అది నాకే సరిగా వచ్చేది కాదు. ఆమెకు మెల్లగా పట్టుబడింది. ఒకరోజు హెలికాప్టర్ నేల మీంచి లేచి, కొంచెం వణికి, అక్కడే నిలబడిపోయింది. నేను బల్ల కిందికి వంగి చూశాను. అక్క ఎడమ పాదం పెడల్ మీద నిబ్బరంగా ఉంది.

ఆ ప్రోగ్రామ్‌లో మన ఊరి వీధులు కూడా ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. తర్వాత ఇంకో ఆదివారం, దారి చెప్పమని కూడా అడగకుండా బాలానగర్ వైపు తిప్పింది. ఫ్యాక్టరీ రేకుల కప్పులు దాటి, తను పడిన మలుపు మీద ఆపింది. తెర మీద అక్కడ వాన లేదు, లారీలు లేవు. ఖాళీ రోడ్డు.

"ఇక్కడే," అంది. తెర వైపు వంగి చూసి, "ఇంత చిన్న మలుపేరా," అంది.

దిగుతావా అని అడిగాను. వద్దని తలూపి, ముక్కు ఇంటి వైపు తిప్పింది.

నెల తిరక్కుండానే చేతికర్ర వదిలేసి ఆఫీసుకు వెళ్లింది. నడకలో చిన్న ఒరుగు ఇంకా ఉంది. అలసిన రోజున ఎక్కువ కనిపిస్తుంది. స్కూటర్ అమ్మేసింది. మళ్లీ కొంటావా అంటే చూద్దాం అంటుంది. బాలానగర్ మీదుగా ఆటోలోనే వెళ్తోంది. మొదటిరోజు ఆ మలుపు దగ్గర కళ్లు మూసుకున్నానని ఇంటికొచ్చాక తనే చెప్పింది. ఇప్పుడు మూసుకోవడం లేదట.