నీస్ సముద్రంలో మా అత్తమ్మ బతుకమ్మ

నేను పాఠాలు చెప్పే బడి అబిడ్స్‌లో, మా ఇల్లు నాంపల్లి రైల్వేస్టేషన్ పక్కన. మా అత్తమ్మకు సముద్రం చూడాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. టీచరుకు పొడుగు సెలవులంటే వేసవి, లేదంటే దసరా. వేసవిలో విమానం టికెట్లు మండిపోతుంటాయని దసరాకే ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్ నగరానికి ఇద్దరికీ కొనేశాను. ఆ సెలవులు ఎందుకిస్తారో ఏటా పిల్లలకు చెప్పే నేనే మరిచిపోయాను. బతుకమ్మ ఆటకు ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మ సరిగ్గా ప్రయాణం మధ్యలో పడింది. సిద్దిపేట వైపు పల్లెలో పుట్టిన మా అత్తమ్మ నడక వచ్చిన నాటి నుంచి ఒక్క ఏడూ ఆడకుండా ఉండలేదు.

"నేను రాను బిడ్డా. పండుగ పూట పరాయి దేశంల ఏం జేయాలె?" అంది.

"సముద్రం కాడ ఆడిపిస్త అత్తమ్మా. నా జిమ్మ," అన్నాను. మాటైతే ఇచ్చేశాను గానీ, ఆ రోజు నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

వీసాకు రెండు నెలల ముందే వేలిముద్రలు ఇచ్చి రావడం మంచిది. దోహాలో విమానం మారి మధ్యాహ్నానికి నీస్ చేరాం. విమానాశ్రయం గుమ్మం నుంచే ఊళ్లోకి ట్రాము ఉంది, టాక్సీ జోలికి పోనక్కర్లేదు. గది రైల్వేస్టేషన్ పక్కన తీసుకున్నాను. "గీడ గూడ టేషన్ పక్కకేనా?" అని అత్తమ్మ నవ్వింది. ఆమె సంచిలో ఉస్మాన్‌గంజ్ పసుపు, ఆట అయ్యాక పంచే తీపి పొడులు పల్లి సత్తు, నువ్వుల సత్తు ఉన్నాయి. పూల పూచీ మాత్రం నాది. పాత ఊళ్లో రోజూ పొద్దున పెద్ద పూలబజారు ఉంటుందని చదివి, దాని మీదే భారం వేశాను.

పండుగ సోమవారం వచ్చింది. ట్రాములో పది నిమిషాల్లో బజారుకు చేరాం. బల్లల నిండా రాగి గిన్నెలు, పాత గడియారాలు, దీపపు గుత్తులు. పువ్వన్నది ఒక్కటీ లేదు! అక్కడి ముసలాయనను అడిగితే, "సోమవారం పూలు రావమ్మా, పాత సామానే," అని ఇంగ్లీషులో చెప్పాడు. నడిబజారులో కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

"ఏడుస్తవేంది? ముందుగాల తాంబాళం దొరికింది సూడు," అని అత్తమ్మ ఒక పెద్ద ఇత్తడి పళ్లెం ఎత్తింది. ముసలాయన నలభై యూరోలన్నాడు. ఏటా నాంపల్లి నుమాయిష్‌లో దుకాణాలవాళ్లకు చెమటలు పట్టించే మనిషి ఈమె. పళ్లెం కింద పెట్టి, వెనక్కి చూడకుండా నడిచింది. నాలుగడుగులు వేసేసరికి ఆయనే పిలిచి ఇరవై అయిదుకిచ్చాడు. బేరానికి భాషతో పనేముంది!

ఆ పళ్లెం చంకన పెట్టుకుని సందులోకి తిరిగామో లేదో, అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఒక చిన్న హోటల్ గుమ్మంలో వంటావిడ కూర్చుని బుట్టెడు పచ్చని పూలు శుభ్రం చేస్తోంది. "గుమ్మడి పువ్వులు! గౌరమ్మనే ఎదురొచ్చింది బిడ్డా!" అంది అత్తమ్మ. నిజానికి అవి గుమ్మడికి చుట్టాలే. అక్కడ వాటిని పిండిలో ముంచి మన మిర్చిబజ్జీల్లా వేయిస్తారట. మాకేమో బతుకమ్మ శిఖరాన గుమ్మడి పువ్వు లేనిదే గౌరమ్మ లేదు. సంగతంతా వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను.

ఆవిడ సగం బుట్ట మా పళ్లెంలో ఒంపేసింది. "ఈరోజు మా హోటల్‌కొచ్చేవాళ్లు చేపలు తింటారులే," అని నవ్వింది. బంతులూ చామంతులూ దొరికే పూలకొట్టుకు దారి చెప్పి, "సాయంత్రం నేనూ రావచ్చా?" అని అడిగింది.

అత్తమ్మకు చెబితే, "రమ్మను, ఇంకో ఇద్దర్ని తోల్కరమ్మను. మనిద్దరమే తిరిగితే గది బతుకమ్మెట్లైతది?" అంది.

ఆ కొట్టులో పూలు కొనుక్కొచ్చి, మధ్యాహ్నమంతా గదిలో కూర్చుని వరుస మీద వరుస పేర్చాం. పొద్దు వాలే వేళకు తీరం చేరాం. నీస్ తీరంలో ఇసుక ఉండదు, అంతా గులకరాళ్లే. చెప్పుల్లేకుండా తిరగడం కష్టమని పైన నడకదారిలోనే ఒక మూల బతుకమ్మను నిలిపాం. వంటావిడ అన్నట్టే వచ్చింది, వంటింట్లో పనిచేసే మరో ఇద్దరితో. అత్తమ్మ పాట ఎత్తుకుంది. మాటలు రాకున్నా చప్పట్లు ఇట్టే పట్టేశారు. దారిన పోయే ఇద్దరు ముసలమ్మలు కూడా వచ్చి కలిశారు. ఇద్దరితో మొదలవుతుందనుకున్న ఆట ఏడుగురితో తిరిగింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

తర్వాత రాళ్ల మీద ఒకరినొకరం పట్టుకుని మోకాలి లోతు నీళ్లలోకి దిగాం. పళ్లెం నుంచి పూలు జారవిడిస్తే, మొదటి అల వాటిని మా కాళ్ల మీదికే తెచ్చింది. "పోయి రా తల్లీ," అంది అత్తమ్మ. రెండో అల తీసుకుపోయింది. ఆమె ముఖం చూసి నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఒడ్డున అందరికీ సత్తు పంచాం. వంటావిడ రెండోసారి అడిగి తింది.

ఆ ఊళ్లో చూడాల్సినవి ఇంకా చాలా చూశాం. కానీ మాకు మిగిలింది ఆ సాయంత్రమే. కొత్త ఊరికి చూడటానికే కాదు, ఏదైనా అడగటానికి కూడా పోవాలని నాకు అప్పుడే తెలిసింది. ఒక్క మాట గుర్తుంచుకోండి: నీస్‌లో పూలు కావాలంటే సోమవారం తప్ప ఏ పొద్దున్నయినా వెళ్లండి. తిరిగొచ్చాక మా గల్లీ ఆడవాళ్లు, "పెద్దమ్మా, ఈయేడు బతుకమ్మ ఆడలేదు గదా?" అని జాలిపడ్డారు. అత్తమ్మ ఇత్తడి పళ్లెం తోముతూ తలైనా ఎత్తలేదు.

"సముద్రంల ఏసొచ్చిన. మీరు గా ట్యాంక్‌బండ్ కాడి చెరువులనేనా?"