నేను పీకేసిన చుక్కలు

ఒక్క పూటలో నేను ఫ్రిజ్‌ను ఏసీ చేశాను, ఏసీని వాషింగ్ మెషిన్ చేశాను. పెద్ద పెద్ద ఇంజనీర్లు కూడా తలపెట్టని ఈ ఘనకార్యానికి నేను వాడినవి రెండే: అరసీసా కొబ్బరినూనె, తలనిండా తెలివి. ఇది చదివి మీలో ఒక్కరైనా నా మీద జాలిపడతారేమోనని చిన్న ఆశ. ఇప్పటిదాకా ఎవరికి చెప్పినా పొట్ట పట్టుకుని నవ్వారే తప్ప, పాపం అన్నవాళ్లు లేరు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయిపోయి, గోదావరిఖని నుంచి వచ్చి కరీంనగర్‌లో ఒక టీవీలు, ఫ్రిజ్‌ల షాపులో కుదిరాను. అదే మొదటి ఉద్యోగం. మా బాపు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. "మా సుజాత ఎలక్ట్రానిక్స్‌ల జేస్తుంది" అని క్వార్టర్లన్నీ తిరిగి చెప్పుకున్నాడు. విన్నవాళ్లు నేను రాకెట్లకు వైర్లు బిగిస్తున్నాననుకున్నారు. నేను బిగించేది ఏమీ లేదు. వచ్చినవాళ్లను "రాండ్రి, కూసోండ్రి" అనడం, ఫ్రిజ్ తలుపు తీసి లోపలి లైటు చూపించడం, మళ్లీ వేయడం.

దసరా దగ్గర పడుతోంది. మా సేటు, అంటే షాపు యజమాని, వేములవాడ రాజన్న దర్శనానికి బయల్దేరుతూ నన్ను పిలిచాడు.

"బిడ్డా సుజాతా, రేపటి సంది గిరాకి షురువైతది. మాలంత అద్దం లెక్క మెరవాలె. గా స్టిక్కర్లు గిక్కర్లు అన్ని పీకెయ్. ఒక్కటి కనవడద్దు."

ఆయన చెప్పింది నిరుటి పండగ ఆఫర్ల స్టిక్కర్ల గురించి. నేను విన్నది "అన్నీ" అన్న ముక్క ఒక్కటే.

ఆఫర్ స్టిక్కర్లు అరగంటలో ఊడిపోయాయి. ఆ తర్వాత నా కళ్లు మిగతావాటి మీద పడ్డాయి. ప్రతి ఫ్రిజ్ మీద, ప్రతి ఏసీ మీద, ప్రతి వాషింగ్ మెషిన్ మీద అర్ధవృత్తంలో నక్షత్రాలున్న రంగురంగుల లేబుల్. అది కూడా స్టిక్కరే కదా! అవి మాత్రం ఊడనని మొండికేశాయి. గోళ్లతో గీకాను, కొబ్బరినూనె రాశాను, నా జుట్టు ఆరబెట్టుకునే మెషిన్ రూముకు పోయి తెచ్చుకుని వేడిగాలి కొట్టాను. పన్నెండయ్యేసరికి ఇరవై మూడు లేబుళ్లు పీకి కౌంటర్ మీద అప్పడాల్లా ఆరేశాను. నడుం పట్టేసింది. అయినా ఫ్రిజ్‌లో నా ముఖం నాకే కనిపిస్తుంటే, ఈ నెలలోనే సేటు నన్ను మేనేజర్ని చేస్తాడనిపించింది.

మధ్యాహ్నం సేటు వచ్చాడు. కొత్త గుండు, దాని మీద గంధం, చేతిలో ప్రసాదం. షాపంతా ఒకసారి చూసి, "శభాష్ బిడ్డా, నా గుండుకంటె ఎక్కువ మెరుస్తున్నయ్" అన్నాడు. రెండడుగులు వేశాడు. ఆగాడు.

"చుక్కలేవి?"

"ఏం చుక్కలు సేటూ?"

"ఫ్రిజ్‌ల మీది చుక్కలు!"

"మీరే పీకెయ్యుమన్నరు గద."

గుండు మీది గంధం కరిగి ముక్కు మీదికి కారింది. "నేను పీకుమన్నది మన ఆఫర్లు బిడ్డా, సర్కారు లేబుల్లు గాదు! ఏది ఎంత కరెంట్ తింటదో దాంట్ల రాసుంటది. అది లేకుంట మాలు షాపుల వెట్టుడే నేరం. ఎవడన్న వచ్చి చూస్తే నా పని ఖతం!"

సరిగ్గా అప్పుడే ఆయన ఫోన్ మోగింది. పక్క గల్లీలో ఇలాంటి షాపే నడిపే ఆయన చేశాడు. హైదరాబాద్ నుంచి లేబుళ్లు చూసే సారొకాయన వచ్చాడట, తమ దగ్గర చూడ్డం అయిపోయిందట, మా వైపే వస్తున్నాడట.

సేటు ప్రసాదం పొట్లం కౌంటర్ మీద పెట్టి, "మల్ల అతికియ్యి. ఏది దేనిదో యాదికున్నదా?" అన్నాడు.

"ఉంది సేటూ" అన్నాను. నా జీవితంలో అంత ధైర్యంగా ఆడిన అబద్ధం ఇంకోటి లేదు.

లేబుల్ మీద కంపెనీ పేరు, మోడల్ నంబరు అన్నీ ఉంటాయి. చదివి అతికించి ఉండొచ్చు. కానీ సారు పక్క గల్లీ నుంచి వచ్చేస్తుంటే చదవడం ఎక్కడ? పైగా నాకొక సొంత సిద్ధాంతం ఉంది. హోటళ్లకు చుక్కలుంటాయి కదా, పెద్ద హోటలైతే ఐదు. ఫ్రిజ్‌లకూ అంతే అనుకున్నాను. పెద్దవాటికి ఐదు, చిన్నవాటికి రెండు, మూడు. నూనె అంటిన లేబుళ్లకు గమ్ము పట్టదు, ఒకటి అతికిస్తే ఇంకోటి జారుతోంది. అయినా ఎలాగో పని కానిచ్చాను.

అంతలో ఒక పెద్దావిడ లోపలికి వచ్చింది. పేరు మల్లవ్వ, వేములవాడ దగ్గరి పల్లె.

"మా పెద్దోడు మస్కట్‌ల ఉంటడు బిడ్డా. ఫ్రిజ్ కొనుక్కోమన్నడు. చుక్కలు జూసి తీస్కోమన్నడు, ఐదుండాల్నట."

"గిదో అవ్వా, ఐదు!" అని అన్నిటికన్నా పెద్ద ఫ్రిజ్ చూపించాను. ఆవిడ ఒక్కో చుక్కనూ వేలితో ముట్టుకుంటూ లెక్కపెట్టింది.

సారు అడుగుపెట్టాడు. తెల్లచొక్కా, సన్నటి మనిషి, మెత్తటి మాట. సేటు కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు, సమోసాలు తెప్పించాడు, మళ్లీ చాయ్ తెప్పించాడు. సారు మొహమాటంగా అన్నీ తిని, కళ్లజోడు సవరించుకుని లేచాడు. మల్లవ్వ ముందున్న ఫ్రిజ్ దగ్గర వంగాడు.

"ఏమండీ, ఇదేమిటి?"

"ఫ్రిజ్ సార్" అన్నాడు సేటు.

"ఒకటిన్నర టన్నుల ఏసీ అని ఉందే?"

"కొత్త మాడల్ సార్. ఇప్పుడే దిగింది."

మల్లవ్వ కళ్లు మెరిశాయి. "అంటె తలుపు దెరిస్తె ఇల్లంత సల్లగైతదా? ఒక్కదాంట్లనే రెండు పనులా! గిదే కట్టియ్యి బిడ్డా."

సారు గోడ మీది ఏసీ దగ్గరికి వెళ్లాడు. "దీంట్లో ఏడు కిలోల బట్టలు పడతాయట."

ఈసారి సేటుకు కూడా కొత్త మోడల్ తట్టలేదు.

"ఈ లేబుళ్లు ఎవరు మార్చారు?" అన్నాడు సారు. మెత్తదనం పోయింది. పుస్తకం తీశాడు. "చెప్పకపోతే షాపు యజమాని పేరే రాస్తాను."

సేటు నా వైపు చూడలేదు. "పొరపాటు నాదే సార్, రాసుకోండ్రి" అన్నాడు. ఆయన తిట్టి ఉంటే నేను తట్టుకునేదాన్నేమో. మా బాపు క్వార్టర్లలో చెప్పుకు తిరగడం గుర్తొచ్చింది. మస్కట్ ఎండలో పనిచేసే కొడుకు మాట నమ్మి ఐదు చుక్కలు లెక్కపెట్టుకున్న మల్లవ్వ అక్కడే ఉంది.

"నేనే సార్" అన్నాను. ఆపై కొబ్బరినూనె దగ్గరి నుంచి హోటల్ సిద్ధాంతం దాకా ఏడుస్తూ అంతా చెప్పేశాను.

సారు చాలాసేపు నేలవైపు చూశాడు. కోపమనుకున్నాను. తర్వాత తెలిసింది, నవ్వు ఆపుకుంటున్నాడని.

"చూడమ్మా, చుక్కలు పెద్దరికానికి కాదు. అదే పని తక్కువ కరెంటుతో చేస్తే ఎక్కువ చుక్కలు. ఒక్కటే చుక్క ఉందంటే తిండి ఎక్కువ, పని తక్కువ అని. ఈ అవ్వకు నువ్వు చూపించింది రెండు చుక్కల ఫ్రిజ్."

"అవ్వో!" అని మల్లవ్వ ఆ ఫ్రిజ్‌కు దూరంగా జరిగింది, అదేదో కరుస్తుందన్నట్టు.

కంపెనీల నుంచి కొత్త లేబుళ్లు వచ్చేదాకా ఆ సరుకంతా గోడౌన్‌లోకి పోవాలని, ఈసారికి హెచ్చరికతో వదులుతున్నానని సారు రాశాడు. తర్వాత లేబుళ్లన్నీ తీయించి లెక్కపెట్టాడు. ఇరవై రెండు. సరుకు మాత్రం ఇరవై మూడు.

"ఇంకొకటేది?"

కౌంటర్ కింద వెతికాం, ఏసీల వెనక వెతికాం, సేటు ప్రసాదం పొట్లం కూడా విప్పి చూశాడు. దొరకలేదు. "ఒకటి గల్లంతు" అని సారు రాసుకుని, సంచి భుజాన వేసుకుని గుమ్మం వైపు తిరిగాడు.

ఆయన వీపు మాకు కనిపించింది.

కుర్చీలో వీపు ఆనే చోట నేను గమ్ము రాసి ఆరబెట్టి, హడావిడిలో మరిచిపోయిన ఇరవై మూడోది, ఫ్రిజ్‌ల మీద ఎంతకీ అతకనిది, ఆ తెల్లచొక్కా నడిమధ్యన చక్కగా అతుక్కుని ఉంది. సేటు నన్ను చూశాడు, నేను సేటును చూశాను. మల్లవ్వ మాత్రం కళ్లు చికిలించి లెక్కపెట్టింది. లెక్కకు ఎంతోసేపు పట్టలేదు.

"ఏం బిడ్డా, గీ సారుకు ఒక్కటే చుక్కుంది? అంటె తిండెక్కువ, పని తక్కువనా?"

సారు గిర్రున తిరిగాడు. చెయ్యి వెనక్కి పెట్టి లేబుల్ లాగి చూసుకున్నాడు. ఖాళీ సమోసా ప్లేట్ల వైపు ఒకసారి చూశాడు. తర్వాత అక్కడే ఉన్న కుర్చీలో కూలబడి, కళ్లజోడు తీసి, నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. పుస్తకంలో "ఒకటి గల్లంతు" కొట్టేసి "దొరికినది" అని రాశాడు. ఎక్కడ దొరికిందో మాత్రం రాయలేదు.

కాబట్టి మహాజనులారా, కుడిచేయి గుండెల మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో చదవకుండా ఏ లేబులూ పీకను, పీకినా అతికించను, అతికించినా సర్కారు మనుషులకు మాత్రం అతికించను.