సుగుణక్క షెడ్డులో మిగిలిన చేతులు

నిన్న కుక్కర్‌కు కొత్త రబ్బరు వేశాను. కవరు చింపగానే వచ్చిన ఘాటు వాసనకు మా ఆయన ముక్కు మూసుకున్నాడు. నేను మాత్రం ఇంకోసారి పీల్చాను. ఒకప్పుడు నా బట్టల్లోంచి ఇదే వాసన వచ్చేది. పని నుంచి మా ఊరు తూంకుంటకు తిరిగొచ్చే బస్సులో నా పక్క సీటులో ఎవరూ కూర్చునేవారు కాదు, నా సంచి హాయిగా కూర్చునేది. ఆ వాసన తగిలితే నాకు సుగుణక్క గుర్తొస్తుంది.

మేడ్చల్ దగ్గర ఆమెకు ఒక రేకుల షెడ్డు ఉండేది. కుక్కర్లకూ నల్లాలకూ రబ్బరు రింగులు చేసేవాళ్లం. భూములున్న కుటుంబం వాళ్లది. తమ్ముళ్లు తమ వాటాలను ప్లాట్లు చేసి అమ్మి, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాల్లోకి మారిపోయారు. ఈమె మాత్రం తన వాటాలో రబ్బరు ఉడకబెట్టుకుంటూ కూర్చుందని చుట్టాలు వేళాకోళం చేసేవారు. ఆమె చెవిన పెట్టేది కాదు. ఇంటర్ పాసై, ఏం చేయాలో తోచక తిరుగుతున్న నన్ను పిలిచి సూపర్‌వైజరుగా పెట్టుకుంది.

నేను చేరిన కొన్నాళ్లకే విదేశీ రింగులు నగరంలోని హోల్‌సేల్ దుకాణాల నిండా వచ్చిపడ్డాయి. మావాటికంటే చవక, పైగా నున్నగా ఉన్నాయి. దుకాణాల వాళ్లు మా ఫోన్లు ఎత్తడం మానేశారు. మేమంతా కూర్చుని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాం. అక్క మాత్రం ఆ రింగులు కొనుక్కొచ్చి, సాగదీసి, ఉడకబెట్టి చూసి, "మంచిగనే జేసిన్రు" అంది. మర్నాడు స్టూలు వేసుకుని ఒక మూల కూర్చుని రోజంతా మమ్మల్నే చూసింది. సాయంత్రం అందరినీ పిలిచింది.

"మీరు జేసే పని కంటె నడిచే నడకే ఎక్కువున్నది. ప్రెస్సు గాడ, కత్తెర గీడ, డబ్బాలు గా మూలకు. చేతులు జల్దీ ఆడియ్యమంటలేను. నడక తక్కువ జేద్దాం."

రింగుల అంచులు కత్తిరించే బల్లలన్నీ, రబ్బరును అచ్చుల్లో నొక్కే ప్రెస్సుల పక్కకు జరిపాం. వారం తిరక్కుండానే రోజంతా పట్టే పని మధ్యాహ్నం టీ వేళకు అయిపోసాగింది. సంతోషించాల్సింది పోయి అందరి ముఖాలూ వాడిపోయాయి. పని తొందరగా అయిపోతే ఇంతమంది ఎందుకు? మాలో పెద్దది లక్ష్మమ్మ. భర్త మంచాన పడ్డాడు, ఇల్లంతా ఆమె మీదే నడుస్తోంది. ఆమె కావాలనే కత్తెర నెమ్మదిగా ఆడించడం మొదలుపెట్టింది. అక్క కనిపెట్టింది.

"ఏందమ్మా, చెయ్యి నొస్తాందా?"

"లేదక్కా. జల్దీ జేస్తె నన్నే ఇంటికి పంపుతవని భయమైతాంది."

అక్క స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుంది. తర్వాత, "మిగిలిన చేతులకు పని తెచ్చుడు నా పని. నువ్వైతె కత్తెర మంచిగ నడిపియ్యి" అంది.

అన్నట్టే, ఎక్కడెక్కడో తిరిగి రింగులు కొనే ఒక విదేశీ పార్టీని పట్టుకొచ్చింది. మొదటి సరుకు నచ్చితే ఆర్డరు సాగుతుంది. నచ్చకపోతే షెడ్డు తమ్ముళ్ల లేఅవుట్‌లో కలిసిపోతుందని మా అందరికీ తెలుసు. ప్రాణం పెట్టి చేశాం. కొత్త అచ్చు వచ్చినప్పుడల్లా దానికి పసుపు రాసి బొట్టు పెట్టడం మా అలవాటు. సరుకు పంపే రోజు లక్ష్మమ్మ ప్రతి డబ్బాలోనూ పై రింగుకు అలాగే బొట్టు పెట్టింది. మాలో ఒక్కరికీ అది తప్పని తోచలేదు, అందరం దండం కూడా పెట్టుకున్నాం. సరుకు మొత్తం వాపసు వచ్చింది. వంటపాత్రలో వాడే వస్తువు మీద ఎర్ర మరకలేమిటని వాళ్ల ప్రశ్న.

లక్ష్మమ్మ ఏడుస్తూ సంచి భుజానికి తగిలించుకుంది. అక్క ఆ సంచి లాక్కుని మళ్లీ మేకుకు తగిలించింది.

"సుట్టం ఇంటికొస్తె బొట్టు వెట్టినట్టే వెట్టినవ్. గని డబ్బా ఇప్పెటోల్లకు మన బొట్టు ఎర్కలేదు గదా, వాల్లకు అది మరకనే. ఇగ ఆఖరు బల్ల నీది. గా ఇప్పెటోల్ల కండ్లతోని జూడు. నువ్వు జూసినంకనే డబ్బా మూతవడాలె."

లక్ష్మమ్మ అక్క రెండు చేతులూ పట్టుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది. మాకూ ఏడుపు ఆగలేదు. అక్క ఆ పార్టీకి ఫోన్ చేసి, జరిగింది దాచకుండా చెప్పి, ఇంకొక్క అవకాశం అడిగింది. రెండోసారి షెడ్డు గడపకు బొట్టు పెట్టి పంపాం. ఆర్డరు నిలిచింది. ఒక్కరూ ఇంటికి పోలేదు.

అక్క ఇప్పుడు లేదు. నేను శామీర్‌పేట వైపు ఒక పెద్ద ఫ్యాక్టరీలో ప్యాకింగు లైను చూసుకుంటున్నాను. పోయిన నెల మాకు కొత్త యంత్రం వచ్చింది. మంచి యంత్రం, దాని మీద నాకు కోపం లేదు. మేనేజరు పిలిచి, ఎవరెవరిని తీసేయవచ్చో చెప్పమన్నాడు.

"కొంచెం టైమియ్యండి సార్. వాళ్లకు పని చూస్త" అన్నాను.

"అది నీ పని కాదు కదమ్మా?"

"ఎవరిదో ఒకరిది గావాలె గద సార్."

ఈ నెలాఖరు వరకు గడువిచ్చాడు. లోపల భయంగానే ఉంది. ఇద్దరికి తప్ప అందరికీ ఏదో ఒక పని దొరికింది. రేపు సెలవు పెట్టి, ఆ ఇద్దరినీ వెంటబెట్టుకుని బౌరంపేట్ వైపు ఫ్యాక్టరీల్లో పని అడగడానికి వెళ్తున్నాను.